కరెంటు సారె పేచీకి మూడు వేల ఏళ్ల వెనక

ఎండలు ముదిరేసరికి కర్నూలులో కుండల బేరాలతో పాటు ఆ పాత పేచీ కూడా మళ్లీ లేచింది. కరెంటుతో తిరిగే కుమ్మరి సారె మీద తీసిన కుండను ‘చేతి కుండ’ అని చెప్పి అమ్మొచ్చా? ఖాదీ కమిషన్ 2018లో కుమ్మరులకు కరెంటు సారెలు ఇచ్చే పథకం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇది నలుగుతూనే ఉంది. మోటారు వస్తే పనితనం పోతుందట. ఈ మాట అనేవాళ్లలో కుండలు కొనేవాళ్లే ఎక్కువ, కర్రతో సారె తిప్పి భుజాలు పోగొట్టుకున్నవాళ్లు తక్కువ.

మట్టిపాత్ర ఎప్పుడు పుట్టిందన్న కథ స్కూలు పుస్తకాల్లోనే ఉంది, వదిలేద్దాం. ఈ పేచీకి పనికొచ్చేది క్రీస్తుపూర్వం 1000కి అటూ ఇటూగా చేతి కుండల నుంచి సారె కుండలకు జరిగిన మార్పు.

దానికి ముందరి పని ఎలా ఉండేదో పాతపాడు కుండలు చెబుతాయి. బనగానపల్లె దగ్గరి ఊరు అది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. ఎర్రటి ఒంటి మీద ముదురు రంగు గీతలు, అంచున కాలువలా ముందుకు చాచిన మూతి ఉన్న గిన్నెలు. చేత్తోనో, నెమ్మదిగా తిప్పే పీట మీదో చేసినవి. తర్వాతి ఇనుపయుగం సమాధుల్లో కుండల తీరే వేరు. లోపలా అంచునా నలుపు, కింద ఎరుపు. బోర్లించి కాల్చినందువల్ల లోపలికి గాలి అందక నల్లబడ్డాయని చాలామంది పురావస్తు పండితుల మాట. సారె మీద తీసినవి కాబట్టి గోడ పలచగా, ఒకే మందంలో ఉంటుంది. రంగుల బొమ్మలు మాత్రం దాదాపు మాయం.

రాయదుర్గం అవతల, కర్ణాటకలోని బ్రహ్మగిరిలో 1947లో పురావస్తు పండితుడు మోర్టిమర్ వీలర్ తవ్వినప్పుడు ఈ మార్పు పొరలు పొరలుగా బయటపడింది. కింద రాతిగొడ్డళ్ల కాలం, అందులో ఎక్కువగా చేతి కుండలు. పైన సారె కుండలు. మధ్యలో కొన్నాళ్లు రెండూ కలిసే నడిచాయి. అలంకారం తగ్గి, ఒకే తీరు సరుకు పెరిగిందంటే, ఇంటివరకు చేసుకునే పని కాస్తా ఊరందరికీ చేసిపెట్టే వృత్తిగా మారిందన్నమాట. అసలు మలుపు అక్కడ తిరిగింది, మోటారు దగ్గర కాదు.

మొన్న కొన్న కుండలో చెయ్యి పెట్టి చూశాను. మెడ లోపల సారె గీతలు వేలికి తగిలాయి. భుజం దిగగానే అవి లేవు, వాటి బదులు అరచేతికి చిన్న చిన్న గుంటలు. సారె మీద తీసింది కాస్త ఆరాక, లోపల గుండ్రటి రాయి ఆనించి బయట చెక్కతో కొట్టి కొట్టి కడుపు ఉబ్బిస్తారు. ఆ దెబ్బలకు మోటారు లేదు. కుండ పెంకు దొరికితే పురావస్తు తవ్వకాలవాళ్లు తడిమేదీ ఈ గుర్తుల్నే.

వేగం పెరిగితే అన్నీ ఒకేలా తయారవుతాయన్న భయం ఉత్తదేం కాదు, పాతపాడు గీతలు అలాగే పోయాయి. కానీ నేను కుండ కొన్న కొట్టులోనే అచ్చులో తీసిన మట్టి సీసాలు వరుసగా పేర్చి ఉన్నాయి. లోపల ఒక్క గుంట కూడా లేదు. వాటి మీదా ‘చేతిపని’ అనే రాసుంది, వాటి గురించి ఎవరూ పేచీ పెట్టలేదు.