చర్చిల్‌లో కారుకు తాళం వేయరు

చర్చిల్‌లో చాలామంది కారుకు తాళం వేయరు. దొంగల భయం లేక కాదు, ఎలుగుబంటి భయం ఉండి. సందు మలుపులో ధ్రువపు ఎలుగు ఎదురుపడితే, దగ్గర్లో ఉన్న కారు ఎవరిదైనా సరే, తలుపు తీసి లోపల దూరిపోవచ్చు.

కెనడాలోని మానిటోబాలో, హడ్సన్ బే అనే పెద్ద అఖాతం ఒడ్డున ఉందీ ఊరు. 2021 లెక్కల ప్రకారం జనాభా 870. బయటి నుంచి రోడ్డు లేదు. విమానంలోనైనా వెళ్లాలి, రైలైనా ఎక్కాలి. విన్నిపెగ్ నగరం నుంచి రైలు దూరం దాదాపు 1,700 కిలోమీటర్లు, ఇంచుమించు సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ అంత. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఒక రోజుకు కాస్త పైన చేరిపోయే దూరానికి ఇక్కడ రెండు రోజులు పడుతుంది. ఉత్తరాన పట్టాల కింద ఉన్నది బురదనేల, దాని అడుగున ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న మట్టి. వేగంగా పోనివ్వవు. 2017లో వరదలకు కట్ట కొట్టుకుపోయి ఏడాదికి పైగా రైలే నడవలేదు.

ఇన్ని తిప్పలు పడి అక్టోబరు, నవంబరుల్లో జనం వచ్చేది ఎలుగుల కోసమే. మరి ఎలుగులు ఇక్కడికే ఎందుకొస్తాయి? ఉప్పు వల్ల. కుల్ఫీ బండివాళ్లు ఐసుముక్కల్లో రాళ్లుప్పు వేయడం చూసే ఉంటారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. సముద్రపు నీటికైతే సుమారు మైనస్ 1.8 డిగ్రీలు కావాలి. చర్చిల్ నది తెచ్చి పోసే మంచినీళ్లు ఒడ్డు దగ్గర ఆ ఉప్పదనాన్ని పలచన చేస్తాయి. పైగా బేలో అపసవ్య దిశలో తిరిగే ప్రవాహం ఉత్తరాన కట్టిన మంచును పడమటి ఒడ్డు వెంట తోసుకొస్తుంది. అందుకని ఈ తీరంలో మంచు ముందుగా పేరుకుంటుంది. ఎలుగులకు కావలసింది ఆ మంచే.

వాటి ముఖ్యమైన తిండి రింగ్డ్ సీల్ అనే సముద్ర జంతువు. ఊపిరి కోసం సీల్ మంచులో కన్నం చేసుకుంటుంది, ఎలుగు ఆ కన్నం పక్కన గంటల తరబడి కదలకుండా కాపు కాస్తుంది. మంచు లేకపోతే ఈ పాచిక పారదు. నీళ్లలో సీల్‌ను పట్టడం దాని వల్ల కాదు. అందుకే వేసవిలో మంచు కరిగింది మొదలు నవంబరు దాకా ఒంట్లో దాచుకున్న కొవ్వే దిక్కు. రోజుకు దాదాపు కిలో బరువు తగ్గుతుంది. కడుపుతో ఉన్న ఆడ ఎలుగైతే గుహలోనే పిల్లల్ని కని, పాలిచ్చి, ఎనిమిది నెలల దాకా ఏమీ తినకుండా ఉండగలదు. ఒక్క ఏకాదశికే నీరసపడే మనం దీని ముందు నోరెత్తకూడదు.

దాదాపు మనిషెత్తు టైర్లున్న బస్సులాంటి బగ్గీల కిటికీల్లోంచి చూసేవాళ్లకు ఎక్కువసేపు కనిపించేది పడుకున్న ఎలుగే, గడ్డం నేలకు ఆనించి. తెల్లగా కనిపించే దాని వెంట్రుకకు అసలు రంగే లేదు. లోపల డొల్ల, వెలుగును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది. కింద చర్మం నలుపు. అప్పుడప్పుడూ రెండు మగవి వెనక కాళ్ల మీద లేచి ఉత్తుత్తి కుస్తీ పడతాయి. ఆ మందపాటి కోటుకు ఒళ్లు వేడెక్కిపోతుంది, కాసేపటికి చతికిలబడతాయి.

1980లతో పోలిస్తే మంచు లేని కాలం దాదాపు మూడు వారాలు పెరిగింది. పశ్చిమ హడ్సన్ బేలో 1987లో సుమారు 1,200 ఎలుగులుంటే, 2021 అంచనా 618. మంచు ఆలస్యమైతే టూరిస్టుకు ఇంకో నాలుగు రోజులు ఎలుగు కనిపిస్తుంది, ఎలుగుకు మాత్రం అవి ఇంకో నాలుగు రోజుల పస్తులు. ఇది తలుచుకుంటే టూరిస్టులు తీసిన ఎలుగుల ఫొటోలను చూడబుద్ధి కాదు.

ఆకలితో ఊళ్లోకి వచ్చిన ఎలుగుకు జైలు కూడా ఉంది. పాత సైనిక భవనం, 28 గదులు. నీళ్లిస్తారు, తిండి పెట్టరు. మొదట విన్నప్పుడు నాకు మనసొప్పలేదు. కానీ ఆ నెలల్లో అది బయటున్నా పెద్దగా తినేదేమీ ఉండదు. పైగా మనుషుల దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి తెలిసిందంటే మళ్లీ మళ్లీ వస్తుంది. కొన్నిటికి మత్తిచ్చి, వలలో పెట్టి, హెలికాప్టర్‌కు వేలాడదీసి ఊరికి దూరంగా దింపి వస్తారు. మిగతావాటిని బే గడ్డకట్టాక వదిలేస్తారు.