లేపేది జాకీ, మోసేది స్టాండు

చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 900 కిలోలు తూగుతుంది. ఇంజను ముందు ఉండటం వల్ల అందులో సగానికి మించిన బరువు ముందు చక్రాల మీదే పడుతుంది. డిక్కీలో స్టెప్నీతో పాటు వచ్చే జాకీ ఆ కారును ఒక మూలన కాసేపు ఎత్తి, టైరు మార్చుకోవడానికి ఇచ్చిన పనిముట్టు మాత్రమే. ఇంజనాయిల్ మార్చడానికో, సైలెన్సర్ చూడటానికో మనిషి కారు కిందికి దూరే పనికి అది ఉద్దేశించింది కాదు. కారుతో ఇచ్చే పుస్తకంలో ఈ హెచ్చరిక తప్పకుండా ఉంటుంది గానీ, కారణం తెలియనప్పుడు హెచ్చరికను పట్టించుకునేవారు తక్కువ.

డిక్కీలో ఉండేది ఎక్కువగా కత్తెర జాకీ, అంటే అడ్డంగా ఉన్న మర కడ్డీని తిప్పితే ముడుచుకున్న చేతులు కత్తెరలా పైకి లేచేది. దాని కడ్డీని తిప్పడం మొదట్లో చాలా బిగువుగా ఉండి, కారు లేచేకొద్దీ తేలికవుతుంది. జాకీ చేతులు నేలకు 20 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు కడ్డీ మీద పడే లాగుడు, జాకీ మోస్తున్న బరువుకు దాదాపు 2.7 రెట్లు ఉంటుంది. కోణం 60 డిగ్రీలకు చేరేసరికి అది 0.6 రెట్లకు తగ్గుతుంది. చేతికి సుఖంగా ఉన్న ఈ దశలోనే జాకీ పొడవై, అరచేయంత పీట మీద నిలబడి, పక్కకు ఒరగడానికి సిద్ధంగా ఉంటుంది. మరచుట్ల వాలు తక్కువ, రాపిడి ఎక్కువ కాబట్టి బరువు కడ్డీని వెనక్కి తిప్పలేదు. అంటే కత్తెర జాకీ సాధారణంగా కిందికి దిగిపోదు, పడితే పక్కకే పడుతుంది.

హైడ్రాలిక్ జాకీ తీరు వేరు. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట వేసిన ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందనే పాస్కల్ సూత్రం మీద అది నడుస్తుంది. చిన్న పిస్టన్ వ్యాసం 1 సెంటీమీటరు, పెద్దదాని వ్యాసం 3 సెంటీమీటర్లు అయితే బలం 9 రెట్లవుతుంది, పొడవాటి హ్యాండిల్ దానిని మరికొన్ని రెట్లు చేస్తుంది. అయితే ఎత్తిన బరువంతా లోపలి నూనె మీద, ఆ నూనె వెనక్కి పోకుండా ఆపే వాల్వు మీద, రబ్బరు సీళ్ల మీద ఆధారపడి ఉంటుంది. వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కున్నా, సీలు అరిగినా జాకీ మెల్లగా దిగుతుంది. సీలు చిట్లితే మెల్లగా కాదు, ఒక్కసారిగా దిగుతుంది.

నేల సంగతి కూడా లెక్క వేసి చూడదగినదే. టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు అందులోని గాలి ఒత్తిడంత, అంటే చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోల చొప్పున ఉంటుంది. 60 చదరపు సెంటీమీటర్ల పీట ఉన్న జాకీ 300 కిలోలు మోస్తే అది 5 కిలోలవుతుంది. టైరు దిగబడని మట్టిలో జాకీ దిగబడటానికి కారణం ఇదే. మే నెల ఎండకు మెత్తబడిన తారు కూడా ఇలాగే మోసం చేస్తుంది. సమతలంగా ఉన్న సిమెంటు గచ్చు అన్నిటికన్నా మేలు. చక్రాలున్న ట్రాలీ జాకీకి అది మరీ అవసరం, ఎందుకంటే దాని చేయి వంపు దారిలో లేస్తుంది గనుక జాకీ కొద్దిగా దొర్లుతూ కారు కిందికి సర్దుకోవాలి. కంకర మీద అది దొర్లలేదు, దాంతో పైనున్న గిన్నె కారు నుంచి జారుతుంది.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది. బండిని గేరులో ఉంచాం కదా, కదలదులే అనుకుంటారు. ముందు చక్రాలతో నడిచే కారులో ఒక ముందు చక్రాన్ని ఎత్తగానే ఆ ధీమాకు ఆధారం పోతుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్, తన పెట్టె కదలకుండా ఉన్నా, ఒక చక్రం ముందుకు తిరిగితే మరొకటి వెనక్కి తిరగడానికి వీలిస్తుంది. రెండు ముందు చక్రాలనూ స్టాండ్ల మీద ఎత్తి, గేరులో ఉంచి, ఒకదాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరగడం కంటికి కనిపిస్తుంది. కాబట్టి గాలిలో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతుంటే నేల మీది చక్రం హాయిగా దొర్లగలదు. ఆటోమేటిక్ కార్లలోని ‘పి’ (పార్కింగ్) స్థానానికీ ఇదే పరిమితి ఉంది. హ్యాండ్ బ్రేకు చాలా కార్లలో వెనుక చక్రాలనే పడుతుంది గనుక, వెనుక భాగం ఎత్తినప్పుడు అదీ అక్కరకు రాదు. నేల మీద మిగిలిన చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డు పెట్టడం ఇందుకే.

నట్లను కారు ఎత్తకముందే ఒక చుట్టు వదులు చేయాలి. 25 సెంటీమీటర్ల పానాతో 100 న్యూటన్ మీటర్ల బిగువును విప్పడానికి 40 కిలోల బలం కావాలి, జాకీ మీద నిలిచిన కారును ఆ బలంతో కుదపడం ప్రమాదకరం. జాకీని ఎక్కడ పెట్టాలో కారు పుస్తకంలోని బొమ్మ చూపుతుంది. సాధారణంగా తలుపుల కింది అంచున, రెండు గాట్ల మధ్య ఉన్న బలమైన చోటు అది. ఎలక్ట్రిక్ కార్లలో నేల కింద బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఈ విషయంలో ఊహ పనికిరాదు.

కారు లేచిన వెంటనే, దాని అడుగున పుస్తకం చూపిన చోట ఉక్కు స్టాండు పెట్టి, జాకీని దించి బరువును దాని మీదికి మార్చాలి. స్టాండులో నూనె లేదు, సీలు లేదు, కాళ్లు వెడల్పుగా పరుచుకొని ఉంటాయి. దాని బదులు ఇటుకలో, సిమెంటు దిమ్మెలో పేర్చేవారు ఒక సంగతి గమనించాలి. కాంక్రీటు సాగదీతను తట్టుకునే బలం, నొక్కుడును తట్టుకునే బలంలో దాదాపు పదో వంతే. కారు అంచు ఒకే గీత మీద నొక్కినప్పుడు దిమ్మె ఏ సూచనా ఇవ్వకుండా పగులుతుంది. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే, అన్నీ విఫలమైనా మనిషికి కొంత జాగా మిగులుతుంది. కిందికి దూరే ముందు, నిలబడి ఉండగానే, కారును చేతులతో గట్టిగా నెట్టి చూడాలి. కదిలితే మళ్లీ జాకీతో ఎత్తి స్టాండు సర్దాలి గానీ, కింద చేయి పెట్టి సర్దకూడదు.

పని ముగిశాక నట్లను గాలిలో ఉండగా ఎదురెదురు వరుసలో చేతి బిగువు వరకే బిగించి, జాకీతో కాస్త ఎత్తి స్టాండ్లు తీసి, కింద పనిముట్లు గానీ పిల్లలు గానీ లేరని చూసుకొని, హైడ్రాలిక్ జాకీ అయితే దాని విడుదల మరను పావు చుట్టు చొప్పున తిప్పుతూ దించాలి. చివరి బిగింపు టైరు నేలను తాకిన తర్వాతే, కొన్ని పదుల కిలోమీటర్లు నడిపాక మరొకసారి.