మీ పిల్లల్ని చూసుకునే మీ అమ్మకు జీతమిస్తే: అమెరికా పన్నుల్లో అపోహలు – వాస్తవాలు

అపోహ: సొంతవాళ్లకిచ్చే డబ్బుకు పన్ను రాయితీ రాదు.

వాస్తవం: వస్తుంది. 13 ఏళ్లలోపు బిడ్డను చూసుకున్నందుకు మీ అమ్మకో చెల్లెలికో ఇచ్చే జీతాన్ని, పిల్లల సంరక్షణ ఖర్చుకు పన్నులో తగ్గింపు (క్రెడిట్) కోరే ఫారం 2441లో చూపవచ్చు. ఒక బిడ్డకైతే ఏడాదికి 3,000 డాలర్లు, ఇద్దరు ఆపైన ఉంటే 6,000 డాలర్ల ఖర్చు వరకు లెక్కలోకి వస్తుంది. జీవిత భాగస్వామికి, బిడ్డ కన్నవారికి, ఏడాది చివరికి 19 నిండని మీ సంతానానికి, మీ డిపెండెంట్లకు (మీమీద ఆధారపడినవారిగా రిటర్నులో చూపేవారికి) ఇచ్చింది మాత్రం చెల్లదు. అమ్మను డిపెండెంట్‌గా చూపి, ఆమె జీతానికే క్రెడిట్ అడగడం కుదరదు.

హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద ఉన్న భార్యకో భర్తకో ఆ ఏడాది సంపాదన లేకపోతే, ఎంత ఖర్చుపెట్టినా క్రెడిట్ సున్నా. పూర్తికాలం చదువుకుంటున్నా, తమను తాము చూసుకోలేని స్థితిలో ఉన్నా మినహాయింపు ఉంది.

అపోహ: నగదు ఇస్తే లెక్క చెప్పక్కర్లేదు.

వాస్తవం: క్రెడిట్ కోరితే చూసుకున్నవారి పేరు, చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబరు రాయాలి. వాటిని, ఈ వివరాలు అడిగి తీసుకునే ఫారం డబ్ల్యూ-10 మీద ముందే తీసుకోండి, జీతం బ్యాంకు ద్వారా పంపండి. వాళ్లు కూడా ఆ ఆదాయాన్ని తమ రిటర్నులో చూపాలి.

అపోహ: బంధువులెవరైనా పేరోల్ పన్ను (జీతం మీద కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను) ఒకటే.

వాస్తవం: ఇక్కడే వరస చూడాలి. మీ ఇంటికొచ్చి మీరు చెప్పినట్టు చూసుకునే చెల్లెలు మీ ఉద్యోగి. స్వతంత్రంగా పనిచేసేవారికిచ్చే 1099 ఫారం ఇస్తే తప్పు. 2025లో ఆమెకు 2,800 డాలర్లు ఇచ్చినా దాటినా, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 15.3 శాతం కట్టాలి. అందులో సగం ఆమె జీతంలోంచి పట్టుకోవచ్చు. తర్వాత డబ్ల్యూ-2 (జీతం వివరాల ఫారం), షెడ్యూల్ హెచ్ (ఇంటి ఉద్యోగుల పన్ను ఫారం) దాఖలు చేయాలి.

మీ అమ్మానాన్నలకైతే సాధారణంగా ఈ పన్ను లేదు. మీరు విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోకపోయినా, జీవిత భాగస్వామి చనిపోయినా, లేదా జబ్బువల్ల బిడ్డను చూసుకోలేకపోయినా ఈ పన్ను కట్టాల్సి రావచ్చు. పన్ను లేదన్న సంతోషంలో ఒకటి మరవకండి: గ్రీన్ కార్డు మీద వచ్చిన పెద్దవాళ్లకు మెడికేర్ పార్ట్ ఎ (ఆసుపత్రి బీమా) ఉచితంగా రావాలంటే సాధారణంగా 40 పని క్రెడిట్లు (పైన చెప్పిన పన్ను క్రెడిట్ కాదు, పేరోల్ పన్ను కట్టిన పనికి వచ్చేవి) కావాలి. పన్ను కట్టని ఈ జీతం వాటికి పనికిరాదు.

అపోహ: విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మకు కూడా జీతమివ్వొచ్చు.

వాస్తవం: ఇవ్వకూడదు. బి-2 (విజిటర్ వీసా) మీద జీతానికి పనిచేయడం వీసా ఉల్లంఘన, ఆమె తర్వాతి రాకకే అడ్డం కావచ్చు. విమాన టికెట్టు, ఆరోగ్య బీమా మీరు కొనివ్వొచ్చు గానీ, ఆ ఖర్చును ఫారం 2441లో రాయకండి.