భుజం మీది మచ్చకీ మూత్రాశయ క్యాన్సర్‌కీ ఏమిటి సంబంధం?

ఎడమ భుజం మీద చూసుకోండి, చాలామందికి చిన్న మచ్చ ఒకటి కనిపిస్తుంది. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా గుర్తు అది. క్షయ రాకుండా వేసే ఆ బీసీజీనే మూత్రాశయ క్యాన్సర్‌కి మందుగా వాడతారంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. కానీ ఇది దశాబ్దాలుగా నడుస్తున్న వైద్యమే.

గడ్డ ఇంకా పైపొరల్లోనే ఉన్నవాళ్లకి ముందు దాన్ని గీకి తీసేస్తారు. కొన్ని వారాలయ్యాక సన్నటి క్యాథెటర్ పెట్టి, సెలైన్‌లో కలిపిన బీసీజీని మూత్రాశయంలోకి వదులుతారు. రెండు గంటలు ఆపుకోమంటారు. ఇంటికెళ్లాక ఆరు గంటల పాటు, మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ బ్లీచింగ్ పోసి, కాసేపాగి నీళ్లు కొట్టాలి. ఎందుకంటే అందులోని బాక్టీరియా బతికే ఉంటుంది. మంట, జ్వరం మామూలే.

1976లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో అల్వారో మొరాలెస్ అనే డాక్టర్ 9 మంది రోగులకు ఇలా చేసిన ఫలితాలు ప్రచురించాడు. వారానికొకటి చొప్పున ఆరు డోసులు. ఆరే ఎందుకని అడిగితే పెద్ద సిద్ధాంతమేమీ లేదు. అప్పట్లో ఆ టీకా పెట్టెకి ఆరు సీసాల చొప్పున వచ్చేది, అంతే!

ఇంతకీ ఆ క్రిములు క్యాన్సర్‌ని చంపుతాయా? ముఖ్యంగా చంపేది మన ఒళ్లే. మన ఇమ్యూనిటీలో ఒక భాగం ఒక్కొక్క శత్రువునీ విడిగా గుర్తుపట్టి, దానికి తగ్గ ఆయుధం తయారు చేస్తుంది. అందుకు రోజులు పడుతుంది. అంతకంటే ముందే లేచేది పుట్టుకతో వచ్చిన కాపలా: మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్, ఎన్‌కే కణాలు. బాక్టీరియా గోడలో ఉండే పదార్థాల్లాంటి కొన్ని ఆనవాళ్లు తగిలితే చాలు, ఇవి పైకి లేస్తాయి. చిక్కల్లా ఏమిటంటే క్యాన్సర్ మన కణంలోంచే పుట్టింది, ఇంటి మనిషి దొంగయినట్టు. దాని మీద అలాంటి ఆనవాళ్లు పెద్దగా ఉండవు, కాపలా కునుకు తీస్తుంది. బీసీజీ వచ్చి అక్కడ గొడవ లేపుతుంది.

బతికున్న క్రిమి లేకుండా, ఆ గొడవని ఒక రసాయనంతో లేపలేమా? అక్కడే అసలు కథ మొదలవుతుంది. చర్మం విషయంలో కుదిరింది. ఇమిక్విమోడ్ అనే క్రీము కాపలా కణాల్లో అలాంటి ఆనవాళ్లని పసిగట్టే టోల్-7 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. పైపైన ఉండే ఒక రకం చర్మ క్యాన్సర్‌కి 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది.

డీఎంఎక్స్‌ఏఏ విషయంలో మాత్రం పెద్ద దెబ్బే తగిలింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో తయారైన ఈ మందు ఎలుకల్లో గడ్డలకు రక్తం అందకుండా చేసి నల్లబరిచేది. అందరికీ ఆశ పుట్టింది. సుమారు 1,300 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద పరీక్షిస్తే ఉపయోగం కనబడలేదు, 2010లో ఆపేశారు. కారణం తరవాత తెలిసింది. డీఎన్‌ఏ కణంలో ఉండకూడని చోట తేలిందంటే వైరస్ అయినా దూరి ఉండాలి, కణానికి దెబ్బయినా తగిలి ఉండాలి. అప్పుడు మోగే గంటల్లో ఒకటి స్టింగ్ అనే ప్రోటీన్. డీఎంఎక్స్‌ఏఏ ఎలుక స్టింగ్‌కి అతుక్కుని దాన్ని మోగిస్తుంది, మనిషి స్టింగ్‌ని మోగించలేదు. దాని ఆకారంలో ఉన్న కాస్త తేడాయే కారణం. అన్నేళ్ల శ్రమ ఎలుకల దగ్గరే ఆగిపోయింది. అలాగని పరిశోధకులను తప్పుపట్టలేం, ఆ మందు తయారైన నాటికి స్టింగ్ అనేదొకటి ఉందనే ఎవరికీ తెలియదు.

సరే, మనిషి స్టింగ్‌ని మోగించే మందులూ వచ్చాయి. కానీ రక్తంలోకి ఎక్కిస్తే ఒళ్లంతా ఒకేసారి మోగుతుందన్న టెన్షన్. అందుకే మొదటి ప్రయత్నాల్లో గడ్డలోకే నేరుగా సూది వేశారు, ఫలితాలు అంతంతమాత్రం. నా దృష్టిలో కాపలాని లేపడం ఒక ఎత్తయితే, గడ్డ ఉన్న చోట మాత్రమే లేపడం ఇంకో ఎత్తు. మూత్రాశయం సంచీలాంటిది కాబట్టి బీసీజీకి ఆ అవకాశం దొరికింది.

2024 ఏప్రిల్‌లో అమెరికా మూత్రాశయ క్యాన్సర్‌కే ఎన్-803 అనే ప్రోటీన్ మందుకు అనుమతిచ్చింది. ఒంట్లో ఇమ్యూనిటీ కణాలకి అందే ఐఎల్-15 అనే సంకేతాన్ని అనుకరిస్తూ ఇది ఎన్‌కే కణాలనూ, శత్రువుని విడిగా గుర్తుపట్టే టీ కణాలనూ ఉసిగొల్పుతుంది. బీసీజీ ఒక్కటే పనిచేయని 77 మందిలో 62 శాతం మందికి క్యాన్సర్ జాడ లేకుండా పోయింది. ఇంత కొత్త మందునీ ఇచ్చేది పాత బీసీజీతో కలిపే, అదే క్యాథెటర్ దారిన, వారానికొకటి చొప్పున ఆరు వారాలు.