మంచు కింద దాక్కునే చమురు

నదిలో చమురు ఒలికిందంటే మన కళ్లముందు మెదిలేది నీళ్ల మీద నల్లటి తెట్టు. గడ్డకట్టిన నదిలో ఒలికితే అదేమీ ఉండదు, పైన తెల్లగా మంచు, అంతే. చమురంతా ఆ పలక అడుగున గుంటల్లో చేరి ఉంటుంది, లేదంటే ప్రవాహంతో పాటు చడీచప్పుడు లేకుండా దిగువకి జారిపోతూ ఉంటుంది.

2015 జనవరిలో అమెరికాలోని మోంటానాలో ఇదే జరిగింది. యెల్లోస్టోన్ నది కింద వెళ్లే పైపులైను పగిలి సుమారు 30 వేల గ్యాలన్ల ముడి చమురు, అంటే లక్ష లీటర్ల పైమాటే, నదిలో కలిసింది. దిగువన ఉన్న గ్లెండైవ్ పట్టణంలో కుళాయి నీళ్లు డీజిల్ వాసన కొడుతున్నాయని జనం మొత్తుకుంటే పరీక్ష చేశారు, ముడి చమురులో ఉండే బెంజీన్ అనే విష రసాయనం బయటపడింది. చమురు తేలుతుంది కదా, నదిలోంచి తాగునీరు తోడే మన గొట్టం లోతులో ఉంది కదా అనుకోవడానికి వీల్లేదన్నమాట! నీళ్ల పైభాగం తెరిచి ఉంటే బెంజీన్ చాలావరకు గాలిలోకి ఎగిరిపోయేది. మంచు మూత పెట్టినట్టు కప్పేసరికి అది నీళ్లలోనే కరిగింది.

ఇక తీయడం. ముందు అది ఎక్కడుందో తెలియాలి, అందుకే మంచుకి వరసగా బెజ్జాలు వేస్తూ వెతుకుతారు. అసలు అంతకంటే ముందు ఆ మంచు మనిషి బరువు మోస్తుందా అన్నది చూసుకోవాలి, ఎందుకంటే నీళ్లు వడిగా పారేచోట పలక బాగా పలచగా ఉంటుంది.

చమురు దొరికాక చేసే పని నాకు భలే నచ్చింది. చైన్ రంపంతో మంచులో పొడవాటి గాడి కోస్తారు, అదీ ప్రవాహానికి అడ్డంగా కాదు, ఏటవాలుగా. నీటికంటే తేలిక కాబట్టి చమురు గాడిలోకి పొంగుతుంది, నది ప్రవాహమే దాన్ని గాడి వెంట ఒడ్డు దాకా నెట్టుకొస్తుంది, అక్కడ స్కిమ్మర్‌తోనో (నీటిపై తేలే చమురును తీసే యంత్రం) పంపుతోనో తోడేస్తారు. సరిగ్గా అడ్డంగా కోస్తే, నీళ్లు వడిగా ఉన్నప్పుడు చమురు గాడి కిందనుంచే దాటిపోతుంది.

వినడానికి తేలికే. కానీ కోసిన గాడి మళ్లీ గడ్డకడుతుంది, చలికి చమురు చిక్కబడి పంపుల్లో ఇరుక్కుంటుంది, కొంత చమురు చుట్టూ కొత్త మంచు పేరుకుని సాండ్‌విచ్‌లా మధ్యలో ఉండిపోతుంది. మంచు బీటలువారడం మొదలైతే మనుషుల్ని వెనక్కి పిలవక తప్పదు. యెల్లోస్టోన్‌లోనూ అలాగే పిలిచారు, అప్పటికి చేతికి చిక్కింది ఒలికినదాంట్లో చాలా కొద్ది భాగమే.