తలను మరిపించిన రెక్క

కెనడాలోని ఆల్బెర్టా డైనోసార్ పార్కులో ఆకు శిలాజాల కోసం రాళ్లు చీలుస్తున్న ఒక విద్యార్థికి 2023లో తూనీగ రెక్క ముద్ర దొరికింది. ఆ రెక్క కూడా పూర్తిగా లేదు. దాని వయసు సుమారు 7.5 కోట్ల ఏళ్లు. 2025లో ఆ ముక్క ఆధారంగానే కార్డువాలడెన్సా ఎకార్ని అన్న కొత్త జాతిని ప్రకటించారు. దానికోసం కొత్త ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును), ఏకంగా ఒక కొత్త కుటుంబాన్ని కూడా ఏర్పరిచారు. వార్త చదివినవాళ్లు సహజంగా అడిగే ప్రశ్న ఒకటే: ఒక్క విరిగిన రెక్కతో ఇంత చెప్పవచ్చా?

నియమాల ప్రకారం చెప్పవచ్చు. జంతువు శరీరంలో ఏ భాగమైనా జాతి పేరుకు ఆధారం కావచ్చని అంతర్జాతీయ నామకరణ నిబంధనలే అంటున్నాయి. పైగా కీటకాల విషయంలో సాధారణంగా మిగిలేది రెక్కే. తొలకరి వాన కురిసిన మర్నాడు దీపం కింద ఊడ్చి చూడండి. చీపురుకు వచ్చేవన్నీ ఉసిళ్ల రెక్కలే. ఒళ్లు బల్లులూ చీమలూ తినేసి ఉంటాయి. సరస్సు అడుగున బురదలోనూ అంతే, మెత్తటి ఒళ్లు పోయి రెక్క నిలుస్తుంది.

కాబట్టి నియమం దగ్గర పేచీ లేదు. అసలు పేచీ 2021లో తూనీగల తలల గురించి మొదలైంది. అది అర్థం కావాలంటే ముందు ఒక గురువునూ ఒక శిష్యుణ్ణీ తెలుసుకోవాలి.

గురువు హెర్మన్ హేగెన్, ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త. జర్మనీలో సీబ్లోస్ అన్నచోట దొరికిన తూనీగ శిలాజాలను 1858లో వర్ణించాడు. వాటిలో ఒకదాని రెక్కలు సన్న తూనీగ రెక్కల్లా ఉన్నాయి. సన్న తూనీగ అంటే నీటి ఒడ్డున గడ్డిపోచ మీద రెక్కలు వెనక్కి ముడుచుకుని వాలే సూది లాంటి రకం. దాని తల అడ్డంగా సాగి ఉంటుంది, కళ్లు డంబెల్ గుండ్ల మాదిరి రెండు కొసల్లో ఉంటాయి. హేగెన్ చూసిన శిలాజానికి అలాంటి తల లేదు. ఆ రెక్కకూ ఆ తలకూ పొంతన కుదరడం లేదని అతను రాసిపెట్టాడు. తర్వాత అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు.

1872 వేసవిలో అక్కడ అతని దగ్గర చదువుకున్న కుర్రాడి పేరు జాన్ హెన్రీ కామ్‌స్టాక్. పాతికేళ్ల తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఈ శిష్యుడు జేమ్స్ నీధమ్‌తో కలిసి చేసిన పనే, నా ఉద్దేశంలో, ఈ కథకు అసలు మలుపు. అప్పటిదాకా రెక్క ఈనెలకు, అంటే రెక్కలోని గట్టి గీతలకు, ఎవరికి తోచిన పేర్లు వారు పెట్టుకునేవారు. ఈగల నిపుణుడి మాట తూనీగల నిపుణుడికి అర్థమయ్యేది కాదు. ఇంకా విచ్చుకోని లేత రెక్కల్లో గాలినాళాలు ఏ దారిన పోతున్నాయో వీరిద్దరూ సూక్ష్మదర్శినిలో గమనించారు. ఈనెలు ఆ దారులనే అనుసరిస్తాయన్న నమ్మకంతో 1898-99లో కీటకాలన్నిటికీ కలిపి ఒకే పేర్ల పట్టిక ఇచ్చారు: కోస్టా, సబ్‌కోస్టా, రేడియస్, మీడియా, క్యూబిటస్, ఏనల్. తూనీగల దగ్గర నీధమ్ తడబడ్డాడు. ఒక ఈనె మరో ఈనెను దాటిపోతుందన్న అతని వాదన తర్వాతి తరం దగ్గర నిలవలేదు. పట్టిక మాత్రం, సవరణలతో, నిలిచిపోయింది.

దానితో రెక్క చదవగలిగిన పత్రమైంది. ముందు అంచు నడుమ కణుపు ఎక్కడుంది, రెక్క కొసన ఉండే మచ్చ కింద ఎన్ని గడులున్నాయి, ఫలానా ఈనె ఎక్కడ చీలింది, ఇవి లెక్కపెడితే వంశం తెలుస్తుంది. తల ఉన్నా లేకపోయినా పని జరిగిపోయింది. హేగెన్ అనుమానాన్ని తిరిగి చూడవలసిన అవసరమే ఎవరికీ కనిపించలేదు. తల వింతగా ఉంటే రాతిబరువుకు నలిగిందనుకుని సరిపెట్టుకున్నారు.

కీటక పరిశోధకులు బ్రూస్ ఆర్చిబాల్డ్, రాబర్ట్ కానింగ్స్ బృందం ఆ సర్దుబాటుకు ఒప్పుకోలేదు. బ్రిటిష్ కొలంబియాలోని మెక్ఏబీ, అమెరికాలోని రిపబ్లిక్ అన్నచోట్ల దొరికిన సుమారు 5 కోట్ల ఏళ్లనాటి శిలాజాలను వారు పరిశీలించారు. రెక్కలు సన్న తూనీగలవే, తల మాత్రం గుండ్రం. కళ్లు తలకు ఇరుపక్కలా అతుక్కుని ఉన్నాయి, బయటికి పొడుచుకు రాలేదు. ఇలాంటిది ఒక్కటే దొరికితే నలిగిందనవచ్చు. తల దక్కిన ప్రతిదీ, వేర్వేరు చోట్ల, వేర్వేరు రాళ్లలో, అచ్చంగా ఒకే తీరున నలుగుతుందా? పాత కాగితాల్లో వారికి హేగెన్ మాట కూడా దొరికింది. 2021లో వీటన్నిటినీ కలిపి సెఫలోజైగాప్టెరా అన్న కొత్త ఉపక్రమంగా, అంటే కుటుంబం కంటే పెద్ద వర్గంగా, ప్రకటించారు. ఆ పేరు మొదట్లోనే తల ఉంది: సెఫలో అంటే తల.

పారిస్‌కు చెందిన ఆంద్రే నెల్, చైనాకు చెందిన డారన్ జెంగ్ అదే ఏడాది దీన్ని ఖండించారు. తలల ఆకారం శిలాజంగా మారేటప్పుడు వచ్చిన వికారమేననీ, ఈ జాతులు పాత చోటే, సన్న తూనీగల్లోనే, ఉండాలనీ వారి వాదన. ఆర్చిబాల్డ్, కానింగ్స్ జవాబిచ్చారు, మాట వెనక్కి తీసుకోలేదు.

నెల్ పక్షం చేతిలో ఒక గట్టి ఆయుధం ఉందని ఒప్పుకోవాలి. తల లేని శిలాజం దొరికితే ఏం చేయాలి? డెన్మార్క్‌లో దొరికిన రెండు కొత్త జాతులకు 2022లో డానోవెట్అక్సా అన్న ప్రజాతిని ఏర్పరిచి, ఈ తల పేరిటి ఉపక్రమంలోనే చేర్చారు. ఆ పత్రం రాసినవారిలో ఆర్చిబాల్డ్ కూడా ఉన్నాడు. అక్కడ చేర్చడానికి వారు చూసినవి కామ్‌స్టాక్ పేర్లు పెట్టిన ఆ ఈనెలే.