పెన్సిల్ సంతకం ఉంటే ఒరిజినలేనా?

విజయనగరం గంటస్తంభం దగ్గర పటాలు కడతాను, పాత బొమ్మలు బాగుచేస్తాను. ఈ నెలలోనే మూడోసారి ఒకే ప్రశ్న ఎదురైంది కనుక రాస్తున్నాను.

అపోహ: కింద సంతకం ఉంది, అంకె ఉంది. కాబట్టి ఒరిజినల్.

వాస్తవం: ఆ అంకే అది ప్రింటని చెబుతోంది. 214/850 అంటే 850 ప్రతుల్లో 214వది. చేత్తో వేసిన బొమ్మ ఒక్కటే అయినప్పుడు దానికి వరుస సంఖ్య ఎందుకు? సంతకం చిత్రకారుడిదే కావచ్చు. ఆయన సంతకం చేసింది ప్రింటు మీద.

కిందటి దసరాల తర్వాత ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. అమెరికాలోని అబ్బాయి పంపిన బొమ్మ, స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన ఓపెన్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జ్ఞాపకార్థం వేసింది. స్విల్కన్ వాగు మీది చిన్న రాతి వంతెన, వెనక జనం. గోల్ఫ్ ఆయనకూ తెలియదు, నాకూ అంతంతే. (1936లో భారత జట్టును నడిపిన విజ్జీ ఊరు మాది, ఆటంటే క్రికెట్టే.) "ఒరిజినల్, లక్షలు పలుకుతుంది" అని ఎవరో అన్నారట. ఆ రాత్రి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఇల్లు వదలలేక సిరిమానోత్సవానికి కూడా వెళ్లలేదు.

భూతద్దం చేతికిచ్చి ఆకాశం చూడమన్నాను. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు, చిన్న చిన్న పువ్వుల్లా గుంపులు కట్టి. కుంచెతో పూసిన రంగు అలా చుక్కలుగా విడిపోదు. బొమ్మతో వచ్చిన కాగితంలోనూ 'పరిమిత ప్రతుల ముద్రణ' అని స్పష్టంగా ఉంది. అబ్బాయి మోసపోలేదు, ప్రింటుగానే కొన్నాడు. 'ఒరిజినల్' అన్న మాట మన వీధిలో పుట్టింది! అచ్చంగా ఇలాంటి పుకారు నమ్మి ప్రింటుకు ఒరిజినల్ ధర పోసినవాళ్లనూ చూశాను.

కాన్వాసు ప్రింట్లు ఇంకా మాయ. పైన పారదర్శకమైన జెల్ పూసి కుంచె గీతలు తెప్పిస్తారు. టార్చి ఏటవాలుగా వేసి చూడండి: బొమ్మలో గడ్డి నిలువుగా ఉంటే, పైన గీత అడ్డంగా పోతుంటుంది.

బొమ్మకు ప్రింట్లు తీసి అమ్మడం పాత ఆచారమే. 1847లో చార్లెస్ లీస్ సెయింట్ ఆండ్రూస్ ఆటను పెద్ద తైలవర్ణ చిత్రంగా వేస్తే, దాన్ని రేకు మీద చెక్కి అచ్చు వేసి అమ్మారు. అసలుది ఎడిన్‌బరోలో ఉంది. ఇళ్లలో, క్లబ్బుల్లో కనిపించేవి అచ్చులు.

మిగతావి త్వరగా చెబుతాను. చిన్న అంకె ఉన్న ప్రతి మేలైనదా? రాగి రేకు అరిగే రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది, ఇప్పటి యంత్రాలకు లేదు. కొన్న బొమ్మకు కాపీలు తీసి అమ్ముకోవచ్చా? కుదరదు, రాసి ఇస్తే తప్ప ఆ హక్కు చిత్రకారుడిదే. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్నదైతే సంగతి వేరు. ప్లైవుడ్‌కు జిగురుతో అంటిస్తే గట్టిగా ఉంటుందా? ఉంటుంది, మళ్లీ ఊడిరాదు, విలువ అక్కడితో సరి. మన తేమకు కాగితం గాజుకు అతుక్కుపోతుంది కనుక నడుమ మౌంటు అట్ట వేయించండి.

మాస్టారికి అలాగే కట్టి ఇచ్చాను. "అయితే ఇక తాళం వేసుకుని బయటకు వెళ్లవచ్చా బాబూ?" అని అడిగారు. వెళ్లవచ్చన్నాను. ఎండ పడే గోడకు మాత్రం తగిలించవద్దన్నాను.